ఆటలో లేని ఊరు అరిచిందెందుకు?

1962 సెప్టెంబర్ 4. జకార్తాలోని సెనయాన్ స్టేడియం. నాలుగో ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ ఫైనల్. ఒక పక్క దక్షిణ కొరియా, ఇంకో పక్క భారత్, చుట్టూ లక్ష మంది జనం. ఇండోనేసియా జట్టు ఓడి పోటీలోంచి ఎప్పుడో బయటికి పోయింది. కొరియా గెలిస్తే ఆ జనానికి దక్కేదేమీ లేదు, భారత్ ఓడితే కలిసొచ్చేదీ లేదు. అయినా మన ఆటగాళ్లు మైదానంలో అడుగుపెట్టింది మొదలు ఒకటే గోల. జనగణమన వాయిస్తున్నా ఆగలేదని ఆడినవాళ్లు చెప్పుకున్నారు. కొరియా వాళ్ల కాలికి బంతి తగిలితే చప్పట్లు, మన వాళ్లకి దొరికితే ఈలలు, కేకలు.

తమ జట్టు ఆడని మ్యాచ్‌లో ఒక ఊరు ఊరంతా అట్లా ఎందుకు అరిచింది?

ఈ ప్రశ్న మా గుంటూరు బ్రాడీపేటకి వచ్చింది 2024లో, 'మైదాన్' సినిమాతో. అజయ్ దేవగణ్ అందులో సయ్యద్ అబ్దుల్ రహీం వేషం వేశాడు. రహీం హైదరాబాద్ మనిషి. బడిపంతులుగా మొదలై, 1943 నుంచి చనిపోయే దాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉండి, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టునీ భారత జట్టునీ తీర్చిదిద్దినాయన. ఆయన చేతి కింద సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. సినిమాలో జకార్తా గోల వస్తుంది, దానికి కారణమూ చూచాయగా వస్తుంది. కథ రహీం గారిది కాబట్టి దర్శకుడు అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. తప్పు పట్టాల్సిన పనేం లేదు.

కానీ మా పక్క లైన్లో ఒక పెద్దాయన ఉన్నారు. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనాయన. ఆయనకి మాత్రం ఆ ముక్కతో సరిపోలేదు.

"అదేందయ్యా, ఎవరో ఒకాయన ఏదో అన్నాడని లక్ష మంది లేస్తారా? మన వాళ్ల మీద పడతారా? దాని వెనకాల ఇంకేదో ఉంది. చూడు," అన్నారు.

"ఉంటే పుస్తకాల్లో ఉండాలి కదా మాస్టారూ."

"పుస్తకాల్లో ముక్కలుంటయ్. అతికేది నువ్వే."

గుంటూరుకి ఫుట్‌బాల్ పిచ్చి లేదని ముందే ఒప్పేసుకుంటాను. ఇక్కడ కబడ్డీ, వాలీబాల్, సంక్రాంతికి ఎడ్ల పందేలు, వీటన్నిటినీ మింగేసే సినిమా. కలకత్తా వాడికి గ్యాలరీ ఎట్లాగో, మా కుర్రాళ్లకి బెంచీ టిక్కెట్టు అట్లా. గుంపు ఎట్లా అరుస్తుంది, ఎవరి మీద అరుస్తుంది అన్న విద్యలో మాకూ కొంచెం ప్రవేశం ఉంది. అది ఈ కథలో ఒకచోట పనికొస్తుంది.

మొదట చేతికి తగిలిన ముక్క చిక్కుని విప్పలేదు సరికదా, ఇంకో ముడి వేసింది. ఇండోనేసియాకి మనమంటే పాత పగేదైనా ఉందా అని చూస్తే, ఉన్నదంతా స్నేహమే. 1950 జనవరి 26న మన మొదటి గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చింది ఇండోనేసియా అధ్యక్షుడు సుకర్ణోనే. అంతకు ముందు 1947లో, డచ్చి వాళ్లు దిగ్బంధం చేస్తే, బిజూ పట్నాయక్ స్వయంగా విమానం నడుపుకుంటూ వెళ్లి అక్కడి నాయకుడు షహ్రీర్‌ని బయటికి తీసుకొచ్చాడు. 1955లో బాండుంగ్ సభలో నెహ్రూ, సుకర్ణో ఒకే వేదిక మీద ఉన్నారు. ఇంత చనువున్న ఊళ్లో మన పాట వినిపిస్తే ఈలలు వేశారంటే, ఏదో కొత్తగా చెడి ఉండాలి. ఆ ఏడాదే, ఆ నెలలోనే.

రెండో ముక్క ఒక పార్సెల్. చిన్న వస్తువే గాని మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చినది ఇదే. ఆసియా క్రీడలకి వచ్చే ప్రతి జట్టుకీ ఆతిథ్య దేశం గుర్తింపు కార్డులు పంపాలి. ఆ కార్డే వీసా లెక్క. అది చూపిస్తేనే దేశంలోకి రానిస్తారు. తైవాన్ వాళ్లకీ జకార్తా నుంచి పార్సెల్ వచ్చింది. విప్పి చూస్తే కార్డుల్లేవు, ఖాళీ అట్టముక్కలున్నాయి. ఇజ్రాయెల్‌కీ దారి మూసేశారు. రెండూ ఆసియా క్రీడల సమాఖ్యలో సభ్యులే. సభ్యులందర్నీ పిలవాలన్నది సమాఖ్య నియమం. ఆ నియమానికి కట్టుబడతామని ఒప్పుకున్నాకే జకార్తాకి ఆటలు దక్కాయి.

మరి పిలవకపోవడమేంటి? సుకర్ణోకి అరబ్బు దేశాలు కావాలి, పీకింగ్‌లోని చైనా ప్రభుత్వం కావాలి. ఇజ్రాయెల్ జెండా ఎగిరితే వాళ్లు ఊరుకోరు, తైవాన్ జెండా ఎగిరితే వీళ్లు ఊరుకోరు. రానివ్వం అని బాహాటంగా చెబితే సమాఖ్య ఊరుకోదు. అందుకే మాటల్లో కాదనకుండా పార్సెల్లో కాదన్నారు. పెళ్లి పిలుపుకి శుభలేఖ కవరు పంపి, లోపల శుభలేఖ పెట్టకపోవడం లాంటి పని.

దీన్ని ఊరుకోని మనిషి ఒకడున్నాడు. ఆయనే మూడో ముక్క.

గురుదత్ సోంధీ. పంజాబ్ మనిషి, లాహోర్ గవర్నమెంట్ కాలేజీకి ప్రిన్సిపాలుగా చేసినాయన, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో సభ్యుడు. ఆసియా ఖండానికంతటికీ కలిపి ఒక ఆటల పండగ ఉండాలన్న ఆలోచన వెంట పడి, ఢిల్లీలో 1951లో మొదటి క్రీడలు జరిగే దాకా పట్టు వదలనివాడు. ఆ క్రీడల నినాదం, ఎప్పుడూ ముందుకే అన్న అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం, ఆయన ఇచ్చిందే. 1962లో సమాఖ్య ఉపాధ్యక్షుడి హోదాలో జకార్తాలో ఉన్నాడు. ఇద్దరు సభ్యులకి తలుపులు మూసి ఆడే ఆటలకి ఆసియా క్రీడలన్న పేరు చెల్లదని, వీటిని జకార్తా క్రీడలని పిలుచుకుంటే సరిపోతుందని అక్కడే, ఆతిథ్యం ఇస్తున్న వాళ్ల ముఖం మీదే అన్నాడు.

న్యాయం ఆయన పక్కన ఉంది. నాకైతే అందులో సందేహం లేదు. కాకపోతే ఆయన ఏ ఇంట్లో కూర్చుని ఆ మాట అన్నాడో చూడాలి. మా మాస్టారు ఈ ముక్క విని ఒకటే అన్నారు: "పెళ్లి పందిట్లో కూర్చుని ఈ పెళ్లి చెల్లదంటే, నిజం చెప్పినా తంతారయ్యా."

అయితే ఇక్కడితో కథ ముగిసినట్టేనా? సోంధీ అన్నాడు, జనం కోప్పడ్డారు, మన జట్టు తిట్లు తినింది. చాలా చోట్ల ఈ కథని ఇంతవరకే చెబుతారు. మాస్టారి అభ్యంతరం మొదలయ్యేదీ ఇక్కడే. ఒక సమాఖ్యలో ఒక ఉపాధ్యక్షుడు ఏదో తీర్మానం గురించి మాట్లాడితే, జకార్తాలో రిక్షా తొక్కేవాడికి ఎందుకు మండాలి? కమిటీ గదిలో పుట్టిన మాట వీధిలోకి రావాలంటే, వీధి ముందే వేడెక్కి ఉండాలి.

వేడెక్కే ఉంది. ఆటలు మొదలైంది ఆగస్టు 24న. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, ఆగస్టు 15న, న్యూయార్క్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. డచ్చి వాళ్లు తమ చేతిలో ఉన్న పశ్చిమ ఇరియన్ అన్న భూభాగాన్ని వదులుకోవడానికి ఒప్పుకున్నారు. ఇండోనేసియాకి స్వాతంత్ర్యం వచ్చాక మిగిలిపోయిన పెద్ద ముల్లు అది. దాని కోసం ఏళ్ల తరబడి సభలు, ఊరేగింపులు, సైన్యాన్ని దింపడం దాకా నడిచింది. అది తీరిన మరుసటి వారమే దేశం నెత్తిన ఆసియా పండగ. దాని కోసం సోవియట్ అప్పుతో కట్టిన సెనయాన్ స్టేడియం, కొత్తగా తెరిచిన హోటల్ ఇండోనేసియా. నిన్నగాక మొన్న స్వతంత్రమైన దేశం, ప్రపంచానికి మేమూ ఉన్నామని చూపించుకునే పెద్ద అవకాశం. అటువంటి రోజుల్లో ఒక విదేశీయుడు వచ్చి మీ పండగకి ఆ పేరు చెల్లదు అంటే, అది రూలు గురించిన మాటగా ఎవరి చెవికీ ఎక్కదు. మీరింకా మాతో సమానం కాలేదు అన్నట్టే వినిపిస్తుంది.

పైగా అది ఒట్టి మాటగా మిగల్లేదు. అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య గుర్తింపు వెనక్కి తీసుకుంది. ఆ పోటీలు అసలు జరగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య కూడా గుడ్లురిమింది. మిల్ఖా సింగ్ 400 మీటర్ల బంగారు పతకం గెలిచింది ఆ ట్రాక్ మీదే, ఆ రోజుల్లోనే. కట్టిన పండగ కళ్లముందే కొంచెం కొంచెంగా కూలిపోతోందన్న భయం ఉన్నప్పుడు, కూల్చేవాడి ముఖం ఎవరిదో ఒకరిది కావాలి. సోంధీ ముఖం దొరికింది. సోంధీ వెనకాల భారతదేశం ఉందనుకోవడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు.

ఇప్పుడు సెప్టెంబర్ 3కి రండి. ఫైనల్‌కి ముందు రోజు. చిక్కుముడిలో అసలు కొస ఇక్కడుంది.

ఆ రోజు వేల మంది జకార్తాలో భారత రాయబార కార్యాలయం మీద పడ్డారు. అక్కణ్నించి సోంధీ కోసం వెతుక్కుంటూ హోటల్ ఇండోనేసియా మీదికి వెళ్లారు. ఆయన దొరకలేదు. ఆ రోజే విమానం ఎక్కి జకార్తా విడిచి వెళ్లిపోయాడు. అదే సెప్టెంబర్ 3న హాకీ ఫైనల్ కూడా జరిగింది, భారత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్య. పాకిస్తాన్ 2-0తో గెలిచింది.

అంటే సెప్టెంబర్ 3 సాయంత్రానికి పరిస్థితి ఇది. జనం పోగయ్యారు, కోపం పోగయింది, ఎవరి మీద చూపించాలో ఆ మనిషి మాత్రం ఊళ్లో లేడు. మరునాడు అదే దేశం పేరు రొమ్ము మీద రాసుకుని పదకొండు మంది మైదానంలోకి రాబోతున్నారు.

బెంచీ టిక్కెట్టు చదువు పనికొచ్చింది ఇక్కడే. మాస్టారు 1977 సంక్రాంతి గుర్తు చేశారు. జనవరి 14న ఒకే రోజు రెండు భారతాలు విడుదలయ్యాయి: ఎన్టీ రామారావు 'దానవీరశూరకర్ణ', కృష్ణ 'కురుక్షేత్రం'. ఊళ్లు రెండుగా చీలిన పండగ అది. ఆయన దగ్గర డ్రిల్లు నేర్చుకున్న కుర్రాళ్లు కొందరు మొదటి ఆటకి తమ హీరో సినిమాకి వెళ్లలేదట, ఎదుటి హీరో సినిమాకి వెళ్లారట. టిక్కెట్టు కిటికీ దగ్గర ఇనప కటకటాల మధ్య చొక్కాలు చించుకుని, డబ్బు పెట్టి కొనుక్కుని, లోపలికెళ్లి అరిచారు.

"వాళ్లు సినిమా చూడ్డానికి వెళ్లలేదు. తెర మీద ఉన్నాయన వాళ్ల అరుపు వింటాడా? వినడు. పక్కన కూర్చున్న ఆయన అభిమాని వినాలి. వాడికి మండాలి. అంతే," అన్నారు మాస్టారు. "జకార్తాలోనూ అదే. అరుపు ఆటగాడి కోసం కాదయ్యా, ఆ జెండా కోసం."

మంచి మాటే. కానీ నాకింకో అనుమానం. సరే, కోపం ఉంది. కోపం ఉన్నంత మాత్రాన తమ జట్టు లేని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లక్ష మంది టిక్కెట్లు కొనుక్కుని వస్తారా? అక్కసు తీర్చుకోవడానికి వెళ్లే బెంచీ కుర్రాళ్లు హాలుకి ఓ యాభై మంది ఉంటే గొప్ప. మిగతా హాలు సినిమా కోసం వచ్చినదే. జకార్తాలో ఆ మిగతా జనం దేని కోసం వచ్చారు?

సమాధానం తేదీలోనే ఉంది. సెప్టెంబర్ 4 ఆసియా క్రీడల చివరి రోజు. ముగింపు వేడుక ఆ రోజే. లక్ష మందిలో ఎక్కువ మంది తమ పండగ ఆఖరి రోజు చూసుకోవడానికి వచ్చారనుకోవడమే సబబు. బ్యాండు, జెండాలు, ఊరేగింపు, ఆ రోజు ఫుట్‌బాల్ ఫైనల్. ఆ పండగనే చెల్లదన్న దేశం ఆ ఫైనల్లో ఉంది. మిగతా ఏ రోజు, ఏ మైదానంలో భారత్ ఆడినా ఇంత జనం ఉండేవాళ్లు కాదు, ఇంత ఉప్పూ కారం ఉండేదీ కాదు. భారత్ సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం చేతిలో ఓడిపోయి ఉంటే ఈ గోల పుట్టేదే కాదు. 3-2తో గెలిచింది. ఆ ఒక్క గోలు తేడా లక్ష మంది నోళ్లు తెరిపించింది.

బస్సు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. స్టేడియంకి వెళ్లే దారిలో భారత జట్టు బస్సు మీద జెండా తీసేశారనీ, తలపాగా ఆనవాలు పడుతుందని జర్నైల్ సింగ్, త్రిలోక్ సింగ్ సీట్లలో కూర్చోకుండా కింద నేల మీద కూర్చుని వెళ్లారనీ ఆటగాళ్లు తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. ఒక్క క్షణం ఆ బస్సు లోపలికి చూడండి. డిఫెన్స్‌లో ఆడే స్టాపర్ జర్నైల్, అంతకు ముందు ఒక మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డ మనిషి, సీట్ల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. కిటికీ పక్కన తలపాగా లేని వాళ్లు కూర్చున్నారు. ఆటగాడు మైదానంలోకి వెళ్లకముందే తన తల దాచుకోవాల్సి వచ్చింది. అరవై ఏళ్ల తర్వాత చదువుతున్నా రోషం వస్తుంది.

రహీం గారి లెక్క మాత్రం వేరే. ఆయన జనంతో పోట్లాడే మనిషి కాదు. ఆయన శిక్షణ అంతా బంతిని ఎక్కువసేపు కాలి దగ్గర పెట్టుకోకు, ఒక తాకుతో వదిలేయి, రెండో కాలు కూడా మొదటి కాలంత పనికి రావాలి అన్న తరహాలో ఉండేది. డ్రిబ్లింగ్ చేయడమే నిషేధించి కుర్రాళ్లకి పోటీలు పెట్టినాయన. ఆ టోర్నమెంట్లో ఇదే కొరియా చేతిలో మొదటి మ్యాచ్ 0-2తో ఓడారు. తర్వాత థాయిలాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో కొట్టి సెమీస్‌కి వచ్చారు. థాయిలాండ్ మ్యాచ్‌లోనే జర్నైల్ తలకి దెబ్బ తగిలింది. డిఫెన్స్‌లో తల పెట్టి ఆడాల్సిన మనిషికి తలే దెబ్బ తింటే ఏం చేస్తారు? బెంచీ మీద కూర్చోబెడతారు. రహీం గారు తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీస్‌లో అతను ఒక గోలు కొట్టాడు. చున్నీ గోస్వామి రెండు కొట్టాడు. అది ఫలించిందని ఫైనల్లోనూ అక్కడే ఉంచారు. గోల్‌కీపరుగా అప్పటిదాకా ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ని పక్కనపెట్టి, హైదరాబాద్‌లో పుట్టిన పొడుగాటి పీటర్ తంగరాజ్‌ని దించారు. ముందు వరసలో హైదరాబాద్ వాడు యూసుఫ్ ఖాన్, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్.

ఫైనల్లో 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. మూడు నిమిషాల తర్వాత, 20వ నిమిషంలో, కుట్ల తలతో జర్నైల్ సింగ్ గోలు. జనం గోల ఎంతవరకు పనిచేస్తుందో ఈ రెండు అంకెలు చెబుతాయి. గ్యాలరీ అరుపు ఆటగాణ్ని తొందరపెడుతుంది. అప్పుడు తొందరపడి తప్పు చేస్తే ఆ అరుపు గెలిచినట్టు. ఒక తాకుతో వదిలేయడం అలవాటైన జట్టుకి తొందరే అసలు ఆట. వాళ్లని బెదరగొట్టడానికి లేపిన గోల వాళ్లకి తాళం అయ్యిందని నా ఊహ. రుజువు చూపించమంటే చూపించలేను గానీ, మొదటి ఇరవై నిమిషాల్లో రెండు గోల్స్ పడటం ఊహ కాదు.

కొరియా వాళ్లు 85వ నిమిషంలో ఒకటి తిరిగి కొట్టారు. ఆఖరి అయిదు నిమిషాలు సెనయాన్ ఎట్లా ఉండి ఉంటుందో మీరే అనుకోండి. 2-1తో ఆట ముగిసింది. బంగారు పతకం మనది.

గ్యాలరీ గోల అనగానే మన దేశంలో ఎవరికైనా గుర్తొచ్చేది కలకత్తా. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లీగ్ మ్యాచ్. మైదానంలో బిదేశ్ బోస్, దిలీప్ పాలిత్ ఒకరి మీద ఒకరు కలబడ్డారు. స్టాండ్లలో అభిమానులు ఒకరి మీద ఒకరు పడ్డారు. తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఇప్పటికీ బెంగాల్లో ఆ రోజున రక్తదాన శిబిరాలు పెడతారు. ఆ గోలకి జకార్తా గోలకి తేడా ఒక్కటే. ఈడెన్‌లో రెండు గుంపులు ఒకే స్టాండులో కలిసి కూర్చున్నాయి. సెనయాన్‌లో అభిమాని లేడు, ఉన్నది ఒక్కటే గుంపు. వాళ్లు కొట్టాలనుకున్న మనిషి ఊళ్లో లేడు, కొట్టడానికి పక్కన భారత అభిమానులూ లేరు. అందుకే అక్కడ నోటితో ఆగింది. మాస్టారికి ఈ వాదన అంతగా నచ్చలేదు. "ఆ లక్ష మందిలో మన వాళ్లు పదివేలు ఉంటే ఏమయ్యేదో!" అని మాత్రం అన్నారు. అదే కదా నేను చెబుతున్నది అన్నాను.

తర్వాత జరిగినవి ఈ ముడి మనం సరిగ్గా విప్పామా లేదా అని సరిచూసుకోవడానికి పనికొస్తాయి. గొడవ నిజంగా ఆహ్వానాల గురించే అయితే, ఫుట్‌బాల్ అయిపోయినా అది అయిపోకూడదు. అయిపోలేదు. 1963లో ఒలింపిక్ సంఘం ఇండోనేసియాని సస్పెండ్ చేసింది. సుకర్ణో దానికి జవాబుగా అదే ఏడాది నవంబర్‌లో, అదే సెనయాన్‌లో, గనేఫో అని సొంతంగా ఒక ప్రపంచ క్రీడోత్సవమే పెట్టేశాడు. ఒలింపిక్స్‌కి బయట ఉన్న చైనా దానికి తరలివచ్చింది. ఖాళీ కార్డుల పార్సెల్ నుంచి మొదలైన తగాదా ఒక పోటీ ఒలింపిక్స్ దాకా వెళ్లిందంటే, జనం నోటికి ఎక్కిన కోపం అడుగున ఎవరి పంతం ఉందో తెలుస్తూనే ఉంది.

ఇంకో కొస పట్టుకుని లాగేవాళ్లూ ఉన్నారు. ఫైనల్ జరిగిన ఆరు వారాలకి, అక్టోబర్ 20న, చైనా మన మీద యుద్ధానికి దిగింది. కాబట్టి సెనయాన్ గోల వెనక పీకింగ్ హస్తం ఉందని. చెప్పడానికి బాగుంటుంది. తేదీలు పక్కపక్కన ఉన్నాయని రెండు సంగతులకి లంకె పెడితే పంచాంగంలో ప్రతిదీ దేనికో కారణం అవుతుంది. సుకర్ణోకి పీకింగ్ కావాలి, తైవాన్‌ని ఆపింది అందుకే. అంతవరకే నేను ఒప్పుకుంటాను.

రహీం గారు ఆ గెలుపు తర్వాత ఎక్కువ కాలం లేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మన జట్టు మళ్లీ బంగారం ముట్టలేదు. 1970లో బ్యాంకాక్‌లో కంచు పతకం వచ్చినప్పుడు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. ఆయనా హైదరాబాద్ వాడే. బలరామ్ 2023 ఫిబ్రవరిలో, 86 ఏళ్ల వయసులో, బెంగాల్లో కన్నుమూశాడు.

ఇక ఒక్క ముక్క మిగిలింది. మాస్టారు దీని గురించే ఎక్కువసేపు మాట్లాడారు. ఆ లక్ష మంది మధ్యలో భారత్ వైపు అరిచిన చిన్న గుంపు ఒకటి ఉందట. అది పాకిస్తాన్ హాకీ జట్టు. ముందు రోజే మనల్ని ఓడించి బంగారం పట్టుకుపోయిన వాళ్లే మరునాడు స్టాండ్స్‌లో కూర్చుని మన గోల్స్‌కి చప్పట్లు కొట్టారని ఆటగాళ్లు చెప్పుకున్నారు.

"శత్రువులు కదయ్యా! వాళ్లకేంటి మన మీద ప్రేమ?"

ఇన్ని ముక్కలు అతికాక ఇది పెద్ద చిక్కు కాదనిపించింది. ఆ హాకీ జట్టులో పంజాబీలకి కొదవ లేదు. రెండో గోలు కొట్టిన జర్నైల్ సింగ్ పుట్టింది ఎక్కడో చెప్పాను మాస్టారికి. లాయల్‌పూర్ జిల్లా. ఇప్పటి ఫైసలాబాద్. 1947లో ఇల్లు వదిలి ఈ పక్కకి వచ్చిన కుటుంబం. ఆ ముందు రోజు గుంపు వెతికిన సోంధీ కూడా సగం జీవితం లాహోర్లో పాఠాలు చెప్పినవాడే. స్టాండ్స్‌లో కూర్చున్న వాళ్లకి కింద పరిగెడుతున్న ఆ సెంటర్ ఫార్వర్డ్ ఏ భాషలో బంతి అడుగుతున్నాడో బాగానే తెలిసి ఉంటుంది.

మాస్టారు కాసేపు ఆలోచించి, "అయితే వాళ్లు అరిచింది భారత్ కోసం కాదంటావు," అన్నారు.

"లాయల్‌పూర్ కుర్రాడి కోసం అంటాను."

"కాదయ్యా. ఆ లక్ష మంది మీద అరిచారు. నేనైనా అంతే."